గుప్పెడు ప్రాణానికి కాపలా

పొద్దున్నే పెనం పొయ్యి మీద పెట్టి మొదటి అట్టు వేశానో లేదో, పొందూరు నుంచి అన్నయ్య ఫోను. అన్నయ్య ఎప్పుడు చేసినా రాత్రి భోజనాలయ్యాకే చేస్తాడు. పొద్దున్నే చేశాడంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే. స్టవ్ ఆపేశాను.

"నీ మాటైతే అది వింటుందమ్మా. ఓసారి శ్రీకాకుళం వెళ్ళి నచ్చజెప్పి రా. ఆ ఉద్యోగం మానెయ్యమను. మానడం ఇష్టం లేకపోతే కనీసం వేరే వార్డుకైనా మార్పించుకోమను" అన్నాడు.

'అది' అంటే మా మేనకోడలు. ఇరవై రెండేళ్ళ పిల్ల. బీఎస్సీ నర్సింగ్ పాసై, శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరింది. దాన్ని వేసింది మామూలు వార్డులో కాదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని, పుడుతూనే ఊపిరందక కష్టపడేవాళ్ళని ఉంచే వార్డులో. చేరి అప్పటికి పదకొండు రోజులు. పదకొండో రోజు రాత్రి దాని డ్యూటీలో ఓ బిడ్డ పోయింది. మర్నాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా తన రెండు చేతులూ చూసుకుంటూ ఏడ్చిందట.

ఈలోగా మా వదిన ఫోను అందుకుంది. "పెళ్ళి కావలసిన పిల్లమ్మా! రోజూ సావులు సూసుకుంటా కూకుంటే దాని మనసేటయిపోద్ది? నువ్వైనా సెప్పమ్మా" అంది.

సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల కాస్త సంతోషించాను కూడా. ఆ పిల్ల ఆ వార్డులో చేరుతున్నానని చెప్పిన రోజునే నాకు నచ్చలేదు. నచ్చలేదని అంటే కారణం చెప్పాలి. ఆ కారణం నేను పదిహేనేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడలేదు.

నా మొదటి కాన్పు ఎనిమిదో నెల రాకుండానే అయిపోయింది. ఆడపిల్ల. ఏ ఊరో, ఏ ఆసుపత్రో ఇప్పుడెందుకులెండి. పుట్టగానే తీసుకుపోయి అద్దాల గదిలో పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి నాకు కనిపించిందల్లా ఓ తెల్ల తువ్వాలు, ఓ సన్నటి గొట్టం. మూడో రోజు తెల్లవారుజామున బట్టలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టారు. నా బిడ్డని నేను మొదటిసారి ఎత్తుకున్నది అప్పుడే. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, చక్కగా చదువుకుంటున్నారు. ఎన్నో కథలు రాశాను. ఆ మూడు రోజుల మీద మాత్రం ఒక్క కథ కూడా రాయలేకపోయాను.

తలుపు బయట బెంచీ

మర్నాడు పిల్లల్ని స్కూలుకి పంపి, విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. నాతవలస దగ్గర హైవే ఎక్కిన దగ్గర్నుంచీ దానికి ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. 'నర్సు ఉద్యోగం మానమనడం లేదమ్మా, ఆ వార్డొకటే వద్దంటున్నాను' అనాలి. రణస్థలం, ఎచ్చెర్ల దాటాయి. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

దాని డ్యూటీ రెండింటికి అయిపోతుంది. నేను పన్నెండున్నరకే చేరాను. వార్డు తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. మళ్ళీ అదే తలుపు, అదే బెంచీ అనిపించింది. గుండె దడదడలాడింది.

నా పక్కన నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. సీతంపేట కొండల మీది ఊరి నుంచి వచ్చిన ఓ చిన్నపిల్ల, పద్ధెనిమిదో పంతొమ్మిదో ఉంటాయేమో. నొప్పులొస్తే రోడ్డు దాకా డోలీ కట్టి మోసుకొచ్చారట. ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఓ ముసలావిడ తన మనవడి గురించి చెబుతోంది. "ఏడో నెల పిల్లడైతే భయం నేదమ్మా. మాది ఎనిమిదో నెలది. ఎనిమిది బతకదంటారు" అని కళ్ళొత్తుకుంది. తర్వాత నాకేసి తిరిగి, "నీ పిల్ల కూడా లోపలే ఉందేటమ్మా?" అంది.

"ఉందమ్మా" అన్నాను. నా ఉద్దేశం మేనకోడలనే. అయినా ఆ మాట అన్నాక కాసేపు ఇంకేం మాట్లాడలేకపోయాను.

ఇంతలో తలుపు తెరుచుకుంది. తలకి టోపీ, మొహానికి మాస్కు. కళ్ళని బట్టి గుర్తుపట్టాను, మా పిల్లే. నన్ను చూసి కళ్ళతోనే నవ్వి, బెంచీ కేసి తిరిగి, "పాల టైమైందమ్మా, లోపలికి రండి" అని పిలిచింది. ఆ కొండ పిల్ల లేచి గాజులు తీసి కొంగున కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది!

నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. తల్లుల్ని లోపలికి రానిస్తున్నారన్నమాట!

ఇంతకీ ఏమిటీ వార్డు?

డ్యూటీ దిగాక దాని గదికి వెళ్ళాం. మరో ఇద్దరు నర్సమ్మాయిలతో కలిసి అద్దెకుంటోంది. టీ పెట్టి ఇచ్చింది. నేను నేర్చుకొచ్చిన మాటలు పక్కన పెట్టి, "అసలు అక్కడ మీరేం చేస్తారే?" అని అడిగాను. అది చెప్పిందీ, తర్వాత నేను తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మన వైపు ఆసుపత్రుల గురించి తెలియనిదేముంది? విజయనగరంలో ఘోషాసుపత్రి అంటే అమ్మమ్మల కాలం నుంచీ ఆడవాళ్ళ నోట్లో నానే పేరు. ఘోషా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఆసుపత్రి కాబట్టి ఆ పేరు. శ్రీకాకుళానికి ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చింది, విజయనగరానికి 2023లో. అంతకుముందు బిడ్డకేదైనా కష్టమొస్తే విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తడమే తెలుసు మనకి.

పసికందుల కోసం ప్రభుత్వం మూడు మెట్ల పద్ధతి పెట్టింది. కాన్పు జరిగే ప్రతిచోటా బిడ్డకి ఊపిరి పోయడానికీ, వెచ్చగా ఉంచడానికీ ఓ మూల ఏర్పాటు ఉండాలి. దాని పైన, కాస్త పెద్ద ఆసుపత్రుల్లో బిడ్డని నిలకడపరిచే చిన్న యూనిట్. ఆ పైన, జిల్లా స్థాయిలో పన్నెండు పడకలో, అంతకన్నా ఎక్కువో ఉండే ప్రత్యేక నవజాత శిశు విభాగం. దాన్నే అందరూ ఎస్ఎన్‌సీయూ అంటారు. 1800 గ్రాముల కన్నా తక్కువ బరువున్నా, 34 వారాలు నిండకుండా పుట్టినా బిడ్డని అక్కడ చేర్చుకుంటారు. బరువు బాగానే ఉన్నా పుట్టగానే ఏడవనివాళ్ళు, పచ్చకామెర్లు ముదిరినవాళ్ళు, పాలు తాగనివాళ్ళు కూడా అక్కడికే వస్తారు.

"ఏడో నెల బతుకుతుంది, ఎనిమిది బతకదు అంటారు కదే, నిజమేనా?" అన్నాను, ముసలావిడ మాట గుర్తొచ్చి.

"అబద్ధం అత్తా! కడుపులో ఎన్ని వారాలెక్కువుంటే అంత బలం. ఏడు కన్నా ఎనిమిదే నయం. ఆ మామ్మకి రోజూ చెబుతూనే ఉన్నాను. మనవడు ఇప్పుడు బాగా తాగుతున్నాడు" అంది.

చేతులు కడుక్కోవడమే మొదటి పాఠం

నాలుగేళ్ళు చదివి డిగ్రీ తెచ్చుకున్న పిల్లకి మొదటి రోజు ఇంఛార్జి సిస్టరు నేర్పింది చేతులు కడుక్కోవడం! గాజులు, ఉంగరం, వాచీ తీసెయ్యాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. లోపలికి వెళ్ళేటప్పుడు మోచేతుల దాకా కడగాలి. ఒక బిడ్డని ముట్టుకుని పక్క బిడ్డ దగ్గరికి వెళ్ళేలోగా మళ్ళీ మందుద్రవంతో చేతులు రుద్దుకోవాలి. ఒక షిఫ్టులో ఎన్నిసార్లో లెక్కే లేదు. అందుకే దాని వేళ్ళు ఎండిపోయి పగిలాయి. ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ ఆ చేతులు చూసి, "ఆడపిల్లవి, ఈ బోసి చేతులేటే?" అని కోప్పడిందట.

"బామ్మకేం చెప్పావు?"

"ఈ చేతులు బోసిగా ఉంటేనే ఆ పిల్లలు బతుకుతారు బామ్మా అన్నాను. ఆలోచించి, కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చింది, రాసుకోమని."

రెండో పాఠం వెచ్చదనం. నెలలు నిండని బిడ్డకి ఒంటిమీద కొవ్వుండదు. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. మనకి హాయిగా ఉన్న ఫ్యాను గాలి ఆ బిడ్డకి చలిగాలి. ఒంట్లో వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పైన వేడినిచ్చే వార్మరుంటుంది, బిడ్డ ఒంటికి అంటించిన తీగ ఎంత వేడుందో చూపిస్తుంది. అయినా సిస్టరు ఏమందట తెలుసా? "ముందు నీ చెయ్యి పెట్టి చూడు. తర్వాతే మిషను" అని.

చెయ్యి వెనక వైపుతో బిడ్డ పొట్టని, పాదాలని తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే క్షేమం. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో తంటాలు పడుతోందన్నమాట. రెండూ చల్లబడితే ప్రమాదం. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా తెలుసుకోవలసిందే. ఇంట్లో ఏ మిషనూ అక్కర్లేదు.

ఊపిరి కూడా అంతే. నిమిషం పాటు పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే కుదరదు. నెల తక్కువ పిల్లలు గబగబా పీల్చి, కాసేపు ఆగి, మళ్ళీ పీలుస్తారు. నిమిషానికి 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఒక్కోసారి పసివాళ్ళు ఊపిరి తీసుకోవడమే మర్చిపోతారు! ఇరవై సెకన్లు ఆగిందంటే గంట మోగుతుంది. అప్పుడు అరికాలు మీద మెల్లగా గీరితే, 'అయ్యో, మర్చిపోయాను' అన్నట్టు మళ్ళీ పీలుస్తారట. అది చెబుతుంటే దాని మొహంలో నవ్వొచ్చింది. మొదటి రోజు ఆ గంట మోగినప్పుడు దాని ఊపిరే ఆగిపోయిందట.

ఓ సిస్టరు కంటికి కనిపించినది

"చూడ్డమే కదా, అదేం పెద్ద విద్య?" అనుకోకండి. పచ్చకామెర్ల పిల్లల్ని నీలిరంగు దీపాల కింద, కళ్ళకి గంతలు కట్టి పడుకోబెడతారు, మీరూ చూసే ఉంటారు. ఆ వైద్యానికి దారి చూపింది ఒక నర్సు.

1956 ఎండాకాలం. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో రాచ్‌ఫర్డ్ ఆసుపత్రి. నెలలు నిండని పిల్లల వార్డుకి పెద్ద సిస్టరు జీన్ వార్డ్. గాలీ వెలుతురూ పిల్లలకి మంచిదని ఆవిడ నమ్మకం. ఎండ బాగున్న రోజున బిడ్డల్ని ఆరుబయటికి తీసుకెళ్ళేది. ఓ రోజు ఓ బిడ్డని డాక్టర్లకి చూపించింది. ఒళ్ళంతా పసుపుదనం తగ్గింది, దుప్పటి కొస కప్పి ఉన్నచోట మాత్రం ముక్కోణం ఆకారంలో పసుపు అలాగే నిలిచి ఉంది! ఎండ తగిలినచోట కామెర్లు విరిగాయన్నమాట. అక్కడి డాక్టర్లు పరీక్షలు చేసి, కాంతితో వైద్యం గురించి 1958లో లాన్సెట్ పత్రికలో రాశారు.

అలాగని ఇంట్లో పచ్చబడ్డ బిడ్డని ఎండలో పెట్టి ఊరుకోకూడదు సుమండీ! పుట్టిన మొదటి రోజే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముదిరితే మెదడు దెబ్బతింటుంది.

ప్రాణవాయువుకీ కొలతుంది

ఆక్సిజన్ అంటే ఎంత ఎక్కువిస్తే అంత మంచిదనుకుంటాం కదా? మా మేనకోడలూ కాలేజీలో చేరకముందు అలాగే అనుకుందట. నెల తక్కువ బిడ్డ విషయంలో అది ఉప్పులాంటిది. తక్కువైతే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే కంటికి ముప్పు. కంటి వెనక పొరలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగకపోవడం వల్ల, ఆక్సిజన్ మోతాదు మించితే అవి అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. 1940ల్లో, 50ల్లో ఈ సంగతి తెలియక ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన దేశాల్లో వేలమంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన అమెరికా గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయిందీ ఇలాగే.

అందుకే ఆక్సిజన్ మీదున్న బిడ్డ రక్తంలో దాని శాతం 90కి, 95కి మధ్య ఉండేలా చూడటం నర్సు పని. పైకి పోతే తగ్గించాలి, కిందికి పోతే పెంచాలి. మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ రెండు కేజీల లోపు బరువుతోనో, 34 వారాలు నిండకుండానో పుట్టిన బిడ్డుంటే, నెల తిరిగేలోగా కంటి డాక్టరుకి తప్పక చూపించమనండి. వేళకి చూస్తే చూపు కాపాడుకోవచ్చు.

మందులూ అంతే. మనకి చెంచాల్లో లెక్క, అక్కడ మిల్లీలీటరులో పదో వంతు లెక్క. చుక్క ఒకటి పక్కకి జరిగితే మోతాదు పదింతలైపోతుంది. అందుకని ఒకరు కొలిస్తే మరొకరు సరిచూస్తారు. "నేను బాగా చదివాను, నాకు తెలుసు" అనే మాటకి ఆ గదిలో చోటు లేదట.

ఉగ్గుగిన్నె మళ్ళీ వచ్చింది

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది. 34 వారాల లోపు బిడ్డకి పాలు చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం మూడూ కలిపి చేయడం సరిగా రాదు. అందుకని మొదట సన్నటి గొట్టంతో పొట్టలోకి పాలు పంపుతారు. కాస్త నేర్చుకున్నాక ముక్కు ఉన్న చిన్న గిన్నెతో పడతారు. దాన్ని అక్కడ 'పలాడై' అంటారు. చూస్తే మన ఉగ్గుగిన్నే! మన అమ్మమ్మలు అటక మీద పడేసిన ఉగ్గుగిన్నె, స్టీలుదై, మరిగించి శుభ్రం చేసుకుని ఆసుపత్రికి చేరింది. సీసా పాలకన్నా దీంతో ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ.

అందులో పోసేది తల్లి పాలే. ఒక్కో తల్లి మొదటి రోజు అరచెంచా కూడా పిండలేక ఏడుస్తుందట. ఆ పక్కన కూర్చుని, వీపు నిమిరి, పిండడం నేర్పేది నర్సే. "ముర్రుపాలు పారబోయండని బామ్మలు, వద్దని మేము! రోజుకో యుద్ధం అత్తా" అంది.

"మొదటి వారం బిడ్డ బరువు తగ్గుతుంది. అది మామూలే. కానీ బయట బెంచీ మీదున్న వాళ్ళకి ఎవరో చెప్పాలి కదా. లేకపోతే పిల్లకి పాలు పట్టడం లేదేమోనని కంగారు పడతారు" అని కూడా అంది.

తల్లి గుండెల మీద

"మరి తల్లుల్ని లోపలికి రానిస్తే ఇన్‌ఫెక్షన్ రాదా?" అని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచడానికి ప్రయత్నించాను.

"చేతులు కడుక్కుని వస్తే తల్లి వల్ల మేలే గాని కీడు లేదత్తా" అంది.

1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరేసి పిల్లల్ని పెట్టాల్సొచ్చేది. అక్కడి డాక్టరు ఎడ్గార్ రే ఓ ఉపాయం ఆలోచించాడు. బిడ్డకి టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా నిలువుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టడం. కంగారూ సంచిలో పిల్లలాగన్నమాట. తల్లి ఒంటి వేడే బిడ్డకి వెచ్చదనం.

మొదట్లో దీన్ని పేదవాళ్ళ వైద్యం అనుకున్నారు. బిడ్డ కాస్త తేరుకున్నాకే తల్లికిచ్చేవారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశంతో సహా అయిదు దేశాల్లో, ఒక కేజీకీ 1.8 కేజీలకీ మధ్య బరువున్న పిల్లల మీద చేశారు. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టినవాళ్ళలో నెలలోపు చనిపోయినవారు నూటికి 12 మంది. తేరుకున్నాక పెట్టినవాళ్ళలో దాదాపు 16 మంది. అప్పటినుంచి బిడ్డ పడక పక్కనే తల్లికీ పడక వేసే వార్డులు మన దేశంలోనూ వస్తున్నాయి.

మన జిల్లాల వాళ్ళకి ఇంకో లాభం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. వార్మరుకి కరెంటు కావాలి. తల్లి గుండెకి అక్కర్లేదు.

తండ్రులూ ఇలా ఎత్తుకోవచ్చు. సముద్రం మీదికి వేటకెళ్ళే ఓ తండ్రి చొక్కా విప్పడానికి సిగ్గుపడి, గోడకేసి తిరిగి కూర్చుని, గంటసేపు బిడ్డని గుండెకి కట్టుకుని కదలకుండా ఉండిపోయాడట. "కాళ్ళు తిమ్మిరెక్కాయి సిస్టరమ్మా, ఆడు నిద్దరోతన్నాడు, నెగడానికి మనసొప్పనేదు" అన్నాడట. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రాత్రి సంగతి

ఇంక అడగక తప్పలేదు. "అన్నయ్య పంపితే వచ్చానే. ఆ రాత్రి ఏమైంది?"

కాసేపు మాట్లాడలేదు. ఖాళీ టీ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది.

బిడ్డ తొమ్మిది వందల గ్రాములు. మొదటినుంచీ ఊపిరితిత్తులు సరిగా లేవు. అర్ధరాత్రి దాటాక రంగు మారడం అదే ముందు గమనించింది. డాక్టరొచ్చాడు. చేయవలసినవన్నీ చేశారు. లాభం లేదని తెలిశాక పెద్ద సిస్టరు తల్లిని పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డని ఆమె గుండెల మీద పెట్టింది. తెల్లవారుజామున అక్కడే పోయింది.

"నేను ఆలస్యంగా చూశానేమోనని భయమేసింది అత్తా. సిస్టరు నన్ను కూర్చోబెట్టి, రాత్రి నేను రాసిన చార్టంతా గీత గీతా చదివించింది. ఏదీ తప్పిపోలేదని చూపించింది. అయినా ఏడుపొచ్చింది."

"మరి అలాంటప్పుడు అక్కడెందుకే? అమ్మ బెంగపెట్టుకుంది."

అది నాకేసి చూసింది. "ఆ తల్లి నన్నొకటడిగింది. 'నా పిల్ల ఓపాలైనా ఏడిసిందా సిస్టరమ్మా?' అని. కాన్పప్పుడు ఏడుపు వినపడలేదట ఆవిడకి. నాకు తెలుసత్తా. రెండో రోజు నా డ్యూటీలోనే, గొట్టం మారుస్తుంటే ఏడ్చింది. పిల్లికూనలాగ, సన్నగా, రెండుసార్లు. ఆ మాట చెప్పాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. ఎలా ఏడ్చిందో మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. నేను అక్కడ లేకపోతే, నేను చూడకపోతే, ఆ సంగతి ఆ తల్లికి ఎవరు చెబుతారు?"

నేను తల వంచుకున్నాను. పదిహేనేళ్ళ కిందటి అద్దాల గది, ఆ తువ్వాలు, అన్నీ చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. నా మాట వింటుందని నన్ను పంపితే, నా మాట అంతా అదే విన్నది! ఓదార్పు మాటలేవీ అనలేదు. దగ్గరగా జరిగి కూర్చుని, "పాప బరువెంతుండేది అత్తా?" అంది.

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో మా పాప గురించి నన్ను ఒక్క మాట అడిగిన మొదటి మనిషి మా మేనకోడలే. అప్పుడు మాత్రం నేను ఏడ్చాను. పగిలిన ఆ వేళ్ళతోనే నా చెయ్యి పట్టుకుంది.

మీ ఇంట్లోనూ అమ్మాయి ఉంటే...

1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో దాదాపు 49 మంది నెల తిరక్కుండానే చనిపోయేవారు. 2019-21 సర్వేకి ఆ సంఖ్య 25కి తగ్గింది. సగం తగ్గిందని సంతోషించాలి, ఇంకా 25 మంది ఉన్నారని గుర్తూ పెట్టుకోవాలి. ఈ తగ్గిన సగంలో డాక్టర్ల పాలు, మందుల పాలు ఎంతుందో, రాత్రంతా నిలబడి నిమిషం నిమిషం ఊపిరి లెక్కపెట్టిన నర్సమ్మల పాలూ అంతే ఉంది.

కాబట్టి మీ అమ్మాయి ఈ దారి పడతానంటే తొందరపడి కాదనకండి. ఇంటర్లో బైపీసీ చదివితే నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ ఉంది. ఇంటర్ తర్వాత మూడేళ్ళ జీఎన్ఎం కోర్సు కూడా ఉంది. పాసయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరు చేయించుకోవాలి. నవజాత శిశు విభాగంలో చేరినవాళ్ళకి నాలుగు రోజుల పాఠాలు, పెద్ద ఆసుపత్రిలో రెండు వారాలు దగ్గరుండి చూసి నేర్చుకునే శిక్షణ ఉంటాయి. ఇంకా ఆసక్తి ఉంటే పసిపిల్లల నర్సింగులోనే ఏడాది డిప్లమా చేయొచ్చు.

చేర్చాక మన పని అయిపోలేదు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్లని పగలు నిద్రపోనివ్వాలి. 'పగటి నిద్రేమిటి' అని గిన్నెలు చప్పుడు చేయకూడదు. సంబంధాలు చూసేటప్పుడు, రాత్రి డ్యూటీలుంటాయని దాచకుండా ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, వార్డులో ఓ బిడ్డ పోయిన రోజున ఇంటికొస్తే, 'మానెయ్యి' అనేముందు 'ఏం జరిగింది?' అని అడగాలి. ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరం అడగలేదు, నాతో సహా.

తిరిగొస్తుంటే కాంప్లెక్సు దాకా వచ్చి బస్సెక్కించింది. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. చెప్పులు విడుస్తుండగానే అన్నయ్య ఫోను.

"ఏమంది?"

"రేపట్నుంచి నైట్ డ్యూటీ అంది."

"మరి నువ్వేం చెప్పావు?"

"కడుపునిండా తిని వెళ్ళమన్నాను. అన్నయ్యా, వదినతో చెప్పి ఓ కొబ్బరినూనె సీసా, నాలుగు పాత పొందూరు పంచెలు ఉతికి పంపించండి. మెత్తగా ఉంటాయి. పిల్లల్ని గుండెకి కట్టుకోడానికి పనికొస్తాయేమో సిస్టర్ని అడిగి చూస్తానంది."